ఉత్త పిలుపు

మా ఇంట్లో ఒక పిలుపు ఉండేది. కొందరి ఇళ్లలో తాతల నాటి ఇత్తడి గంగాళం ఉంటుంది, కొందరికి బావి కింద పొలం ఉంటుంది. మాకున్నది అది. గొర్రెలను పిలిచే పిలుపు. వాళ్ల నాయన దగ్గర మా నాయన నేర్చుకున్నాడు, మా నాయన దగ్గర నేనూ మా తమ్ముడూ నేర్చుకున్నాము. మా తమ్ముడిని ఇప్పుడు చాలామంది ఎరుగుదురు. వాడి పాట ఆటోల్లో వస్తుంది, పెళ్లిళ్లలో వస్తుంది, బస్సు ఎక్కితే డ్రైవరు తల మీద నుంచి వస్తుంది. ఆ పాట మొదట్లో ఒక కూత ఉంటుంది చూడండి, జనం దానికే ఈలలు వేస్తారు. నేను చెప్పే పిలుపు అదే. దానికి నా గొర్రెలు రావడం మానేశాయి. ఎట్లా మానేశాయో, అందులో నా తప్పు ఎంతో, ఇక్కడ రాస్తాను.

రాయడం నాకు ఆలస్యంగా వచ్చింది. యాభై దాటినాక, ఆడవాళ్ల సంఘంలో ప్రతిసారీ వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. మా పావగడ తాలూకాలో బడి కన్నడం, ఇల్లు తెలుగు. నోట్లో ఉన్న మాట ఒకటి, పలక మీద అక్షరం ఇంకొకటి. ఆ తర్వాత హిందూపురం బస్సుల బోర్డులు చూసి, బోండాలు కట్టిచ్చిన పేపరు ముక్కలు చదివి తెలుగు అక్షరాలు నేనే పట్టుకున్నాను. రెండూ అక్కాచెల్లెళ్ల మాదిరి ఉంటాయి, తలకట్టు దగ్గరే తేడా. నా రాతలో తప్పులుంటే దిద్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం మార్చడం లేదు.

పిలుపును అక్షరాల్లో పెట్టలేను. తమ్ముడి ఫ్లెక్సీల మీద 'డుర్ర్ర్ హోయ్' అని రాస్తున్నారు. అది కాదు. నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించి ఆడించాలి. ఆ గాలి పళ్ల సందులో నుంచి సన్నగా బయటికి రావాలి. తర్వాత గొంతు విడిచి ఒక కూత. అది పైకి పోయి చటుక్కున విరగాలి. విరిగినాక ఊపిరి బిగబట్టి ఊరికే ఉండాలి. ఆ ఊరికే ఉండటమే అసలు సంగతి. ఆ సందులో మందకు ముందు నడిచే గొర్రె బదులు పలుకుతుంది. అది పలికితే మంద కదులుతుంది. అది పలకకముందే మేము రెండో కూత వేస్తే నాయన చేతికర్ర మా పిక్కల మీద పడేది. అది మాట్లాడేదాకా నువ్వు మాట్లాడగూడదు అనేవాడు. ఇది మేత దగ్గరి పిలుపు. నీళ్లకు పిలిచేది వేరే. అది చిన్నది, గొంతులోనే ఉంటుంది, దగ్గరుంటే తప్ప వినపడదు.

ఇంకొక కట్టుబాటు ఉండేది. పిలిస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తుమ్మకాయలో, గుప్పెడు వేరుశెనగ కట్టెనో, అంటే కాయలు తీసుకున్నాక మిగిలే ఎండు తీగనో. ఏమీ లేకుండా పిలిస్తే దాన్ని ఉత్త పిలుపు అనేవాళ్లు. మా ఇళ్లల్లో అది తిట్టు కూడా. మాటిచ్చి తప్పినవాడిని 'వాడిది ఉత్త పిలుపు' అని తీసిపారేసేవాళ్లు, పిల్లను ఇచ్చేవాళ్లు కాదు.

తమ్ముడికి ఆరేళ్లో ఏడేళ్లో ఉంటాయి. వానల్లేని ఏడు. రోజుకు ఒక్క పూట, ఒక్క రాగిముద్ద. మధ్యలో గుంట చేసి కారం పెట్టి గుడ్డలో మూటకట్టి మా అమ్మ ఇచ్చేది. ఊరికి ఉత్తరాన మిట్ట మీద మేపుతున్నాము. ఆ మిట్ట ఇప్పుడు సోలార్ ప్యానెళ్ల కింద ఉంది. వాడికి పొద్దుపోక, ఒక బండ ఎక్కి, సరదాకు పిలిచాడు. వాడి గొంతు అప్పుడే అట్లా ఉండేది. వంకలో ఎక్కడో ఉన్న మంద అంతా దుమ్ము లేపుకుంటూ వచ్చి బండ చుట్టూ నిలబడి మూతులు పైకెత్తింది. వీడు రెండు చేతులూ చాపి చూపించి పకపకా నవ్వాడు.

నాయన నీడలో నుంచి లేచి వచ్చాడు. కొట్టలేదు. వాడి మూట విప్పి, ముద్ద తీసి వాడి చేతిలో పెట్టాడు.

"పెట్టు," అన్నాడు.

"నాయనా, నాకు ఆకలి."

"వాటికీ ఆకలే. పిలిచింది నువ్వు."

వాడు ఏడుస్తూ ముద్దను చిన్న చిన్న తునకలు చేసి ఒక్కొక్క మూతికీ పెట్టాడు. కారం తగిలిన గొర్రె చీదింది. నా ముద్దలో సగం వాడికి ఇవ్వబోతే నాయన నా వైపు చూశాడు. నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఆ సగం కూడా నేనే తిన్నాను. ఆకలి అట్లాంటిది. దాన్ని గురించి ఇప్పుడు మంచిమాటలు చెప్పి ప్రయోజనం లేదు.

నాయన పోయినాక మంద నాకు మిగిలింది. నన్ను ఇచ్చింది ఊళ్లోనే, మేనమామకే. ఆయనా తొందరగా పోయాడు. తమ్ముడికి జీవాల మీద మనసు లేదు, పాట మీదే. నాటకాలు ఆడే ఊళ్లకు నడిచిపోయి, హార్మోనియం వాయించే ఆయన పక్కన నిలబడి పద్యాలు పట్టుకొచ్చేవాడు. వై.ఎన్.హొసకోటలో పెళ్లిళ్లకు పాడేవాడు. కడుపునిండా అన్నం, ఒక్కోసారి ఒక పాత చొక్కా, అదే వాడికి దొరికేది. మిగతా రోజులు ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర కూలి. పెళ్లిలో పాడి, తెల్లారి అదే ఇంటికి పేడ ఎత్తడానికి పోయిన రోజులు ఉన్నాయి. అది వాడు టీవీలో చెప్పుకోలేదు. నేను చెబుతున్నాను.

తర్వాత సోలార్ వచ్చింది. క్యాతగానచెర్లు, బలసముద్రం, ఆ చుట్టుపక్కల ఊళ్ల పొలాలన్నీ గుత్తకు పోయాయి. మా కొంచెం కూడా పోయింది. వానలు రాని నేలకు ఏటా బాడుగ వస్తుందంటే కాదనేవాళ్లు ఎవరు? నేనూ వేలిముద్ర వేశాను. పొలం గురించి నాకు బాధ లేదు. మేత గురించి ఎవరూ అడగలేదు, నాకూ ఆ పూట గుర్తు రాలేదు. బీళ్లు, మిట్టలు, దారి పక్క తుమ్మచెట్లు అన్నీ కంచె లోపలికి పోయాయి. కంచెకూ రోడ్డుకూ మధ్య మిగిలిన సన్నటి పట్టీలో మేపుకోవాల్సి వచ్చింది. అట్లాంటి చోట మందను కాపాడేది కర్ర కాదు, పిలుపే. లారీ వస్తోందంటే పిలవాలి, అవి వచ్చి కాళ్లను చుట్టుకోవాలి.

తమ్ముడు ఆ సోలార్ పార్కులోనే ఇనుప కంబాలు మోసే కూలికి పోయాడు. అన్నాల వేళ తోటి కూలీలు పాడమంటే, కంబాల కుప్ప మీద కూచుని సొంతంగా కట్టిన పాట ఒకటి పాడాడు. ఒక గొర్రెల కాపరి తన మిట్టను వెతుక్కుంటూ పోతాడు, మిట్ట కనపడదు, అద్దాల్లో తన మొహమే కనపడుతుంది. అదీ పాట. మొదట్లో మన పిలుపు పెట్టాడు. అక్కడ పనిచేసే ఇంజనీరు, తెలుగూ కన్నడమూ ఏదీ రాని ఉత్తరాది మనిషి, ఫోనులో పట్టాడు. మాట అర్థం కానివాడికి నచ్చిందంటే అది పాట గొప్పదనమో పిలుపు గొప్పదనమో నాకు తెలియదు. ఆ వీడియో ఊళ్లు తిరిగింది. కారు వేసుకుని మనుషులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాడు హిందూపురం పోయాడు, బెంగళూరు పోయాడు, చివరికి హైదరాబాదు టీవీలో కనపడ్డాడు.

ఆ రోజు వీధి అంతా ఒక ఇంట్లో టీవీ ముందు కూచున్నాము. వాడు తెల్ల పంచె కట్టి, దీపాల మధ్య నిలబడి పిలిచాడు. వెనక గోడ అవతల దొడ్డిలో నుంచి నా బొల్లిగొర్రె ఒక్కసారి 'మే' అని బదులిచ్చింది. అది మందకు ముందు నడిచే గొర్రె. నల్ల మొహం మీద తెల్లటి మచ్చ, అందుకే బొల్లి. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ లేదు.

ఏడాది తిరిగినాక ఒక పొద్దున తమ్ముడు కారులో వచ్చాడు. నాకు చీర తెచ్చాడు, మిఠాయి తెచ్చాడు. వెంట ఒక మనిషి, వాడి చేతిలో పెట్టె, చెవులకు పెద్ద డిప్పలు. తమ్ముడు నవ్వితే నేను ఉలిక్కిపడ్డాను. నోరంతా తెల్లగా ఉంది. మా ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్ల పళ్లు ఎట్లుంటాయో ఈ తాలూకా వాళ్లందరికీ తెలుసు. పసుపు గోధుమ రంగు, మీద గుంటలు, చిన్న వయసులోనే విరిగిపోయి సందులు. నాయనకు అట్లే ఉండేవి, నాకు ఉన్నాయి, వాడికీ ఉండేవి.

"ఎవురి నోరప్పా ఇది?" అన్నాను.

"టీవీవాళ్లు తొడుగులు ఏపిచ్చినారక్కా. కెమెరాకు మన పళ్లు పనికిరావంట," అన్నాడు. చెప్పి నవ్వుతూ అరచేత్తో నోరు మూసుకున్నాడు. పళ్లు మారాయిగానీ మూసుకునే అలవాటు పోలేదు.

అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. తొడుగులు వేసినాక పిలుపు రావడం లేదు. నాలుక ఆనడానికి ఆ గుంటలు లేవు, గాలి పోవడానికి సందు లేదు. నా ముందర ఒకసారి ప్రయత్నం చేశాడు. కుక్కర్ కూసినట్టు వచ్చింది. నేను నవ్వాను. వాడూ నవ్వాడు, కానీ కళ్లు నవ్వలేదు. పాటను పెద్ద వాయిద్యాలు పెట్టి మళ్లీ తీస్తున్నారట. పిలుపు లేకపోతే పాట లేదని చెప్పేశారట.

"నువ్వు పిలువక్కా," అన్నాడు. "నీ గొంతూ నా గొంతూ ఒగటే. ఎవురికీ తెలీదు."

సరే అన్నాను. తమ్ముడు అడిగాడు, కాదని ఎందుకంటాను? తుమ్మకాయలు తెచ్చుకుంటానని లేచాను.

"కాయలెందుకు? నువ్వు పిలిచేది గొర్రెల్ని గాదు గదక్కా, మిషన్ని," అన్నాడు.

అది నిజమే అనిపించింది. నా తప్పు అక్కడే ఉంది. మిషన్ని పిలిస్తే మిషనే వింటుందని నేను అనుకున్నాను.

మంద కంచె పక్కన మేస్తోంది. నేను పిలిచాను. కూత విరిగి నేను ఊరికే ఉన్న సందులో బొల్లి పలికింది, మంద కదిలింది. డిప్పల మనిషి చెయ్యి ఊపాడు. గొర్రె అరుపు పడగూడదట. మందను దూరంగా తోలి మళ్లీ పిలవమన్నాడు. మళ్లీ పిలిచాను, మళ్లీ వచ్చాయి. ఇంకా దూరం తోలారు. అయినా వచ్చాయి. లారీ చప్పుడు పడిందని ఒకసారి, గాలి కొట్టిందని ఒకసారి, ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో పిలిపించారు. ఆఖరికి మంద అంతా నా చుట్టూ నిలబడి మూతులు ఎత్తి ఉంది. నా చేతులు ఖాళీ. తమ్ముడు మిషన్లోకి వంగి వింటున్నాడు, నా వైపు చూడలేదు. నా పిక్కల మీద నాయన కర్ర తగిలినట్టయింది. సాయంత్రం రెండింతలు కాయలు పెట్టాను. దాంతో సరిపోయిందనుకున్నాను.

కొత్త పాట వచ్చింది. మొదటి దానికంటే వంద రెట్లు ఆడింది. విన్నాను. నా కూత విరిగిన తర్వాత ఆ సందులో డప్పు పెట్టారు. గొర్రె పలకాల్సిన చోట డప్పు పలుకుతుంది. ఫోనులో పాట కింద రాసిన పేర్లు కూడబలుక్కుని చదివాను. పిలుపు అన్నచోట కూడా తమ్ముడి పేరే ఉంది. బాధ కలగలేదంటే అబద్ధం. కొంచెం కలిగింది. అయితే ఇది రాస్తున్నది దానికోసం కాదు.

మొదట అయింది టీ అంగడి దగ్గర. రోడ్డు దాటించి తోలుకుపోతుంటే, అంగడాయన కొత్తగా కొన్న స్పీకరులో పాట పెట్టాడు. నా గొంతు అంత పెద్దగా నేనే ఎప్పుడూ వినలేదు. మంద నన్ను విడిచి అంగడిలోకి దూరింది. బన్నుల గాజుసీసా పగిలింది. జనం చుట్టూ చేరి నవ్వారు, ఫోన్లలో పట్టుకున్నారు. గొర్రెలు కూడా అభిమానులేనని ఎవరో ఆ వీడియోకు పేరు పెట్టారట. బొల్లి స్పీకరు ముందు నిలబడి మూతి పైకెత్తింది. నా ఒడిలో ఉన్న కాయలు అన్నీ అక్కడే పోశాను.

ఆ తర్వాత రోజూ అదే. ప్యానెళ్లు కడిగే కూలీలు ఫోన్లలో పాట పెట్టుకుని పనిచేస్తారు. కంచె లోపల పాట వస్తే కంచె బయట నా గొర్రెలు తీగల వెంబడి ఒక చివర నుంచి ఇంకొక చివరకు పరుగెత్తేవి. ట్రాక్టరు పోతే ట్రాక్టరు వెనక, పెళ్లి ఊరేగింపు పోతే దాని వెనక. నేను ఒడినిండా కాయలు పోసుకుని వాటి వెనక. ఎవరు పిలిచినా పెట్టేది నేనే అయితే పిలుపు నిజమే అవుతుంది కదా అని నా ఆలోచన. ఎన్ని రోజులు? ఉన్న తుమ్మచెట్లు రోడ్లకని కొట్టేశారు. కాయల కోసం ఆంధ్రా సరిహద్దు దాకా నడిచిపోయేదాన్ని. వచ్చేలోపల ఇంకొక పది ఉత్త పిలుపులు పడేవి.

టీ అంగడాయన్ను ఆ ఒక్క పాట పెట్టవద్దని అడిగాను.

"నీ తమ్మునిదే గదవ్వా," అన్నాడు. "ఊరోళ్లు కండ్లు పెట్టినారంటే అర్థం ఉండాది. నువ్వే ఓర్వలేకపోతే ఎట్ల?"

 గొర్రెలు అబద్ధం నేర్చుకుంటున్నాయి అని చెబితే నన్ను పిచ్చిది అంటాడు. తమ్ముడికి ఫోను చేశాను. చాలాసేపు విన్నాడు. వాడి వెనక ఎవరో తొందరపెడుతున్నారు. పాట విడిచినాక అది తన చేతిలో ఉండదని, ఎవరూ వెనక్కు పిలవలేరని చెప్పాడు. వాడు అబద్ధం చెప్పలేదు.

బొల్లి మొదట ఆలస్యంగా పలకడం మొదలుపెట్టింది. నేను పిలిచి, ఊపిరి బిగబట్టి, ఆ సందులో నిలబడేదాన్ని. సందు పెద్దదయ్యేది. ఛాతీ నొప్పి పుట్టేదాకా నిలబడితే అప్పుడు పలికేది. కొన్నాళ్లకు పలకడం మానేసి తల మాత్రం ఎత్తేది. నా ఒడి వైపు చూసేది, కాయలు కనపడితే వచ్చేది. అంటే నా మాట నమ్మడం లేదు, చూసి నమ్ముతోంది. మనుషులు నన్ను నమ్మకపోతే నేను లెక్కచేసే రకం కాదు. ఆ గొర్రె అట్లా చూస్తే మాత్రం తల వంచుకునేదాన్ని. దాన్ని చూసి మిగతావీ నేర్చుకున్నాయి. ఆఖరికి అది తల ఎత్తడం కూడా మానేసింది.

ప్యానెళ్లు కడిగిన నీళ్లు కాలువకట్టి రోడ్డు అవతలికి పారతాయి. ఆ వారన పచ్చగా గడ్డి మొలుస్తుంది. మధ్యాహ్నం మంద రోడ్డు దాటుతోంది. సగం ఇటు, సగం అటు. మలుపు దగ్గర నీళ్ల ట్యాంకరు కనపడింది. అది పార్కు రోడ్డు, నున్నగా, వెడల్పుగా ఉంటుంది, బండ్లు నిదానంగా పోవు. నేను పిలిచాను. ఒక్కటీ తల ఎత్తలేదు. నాయన చెప్పింది మరచి, సందు లేకుండా రెండోసారి, మూడోసారి కూశాను. నా ఒడిలో ఆ రోజు కాయలు కూడా ఉన్నాయి. అది ఉత్త పిలుపు కాదు. ఆ మాట వాటికి ఎట్లా తెలుస్తుంది?

నాలుగు పోయాయి. ఒకటి చూలుది. డ్రైవరు చిన్నవాడేమీ కాదు, పెళ్లాం బిడ్డలు ఉన్న మనిషి. దిగి వచ్చి రోడ్డు మీద తల పట్టుకుని కూచున్నాడు. కాసేపటికి నా వైపు చూసి, "పిలిస్తే వస్తాయి గదవ్వా. పిలవకుండా నిలబడి ఏం చూస్తాండావు?" అన్నాడు. ఇంజను చప్పుడులో వాడికి నా కూత వినపడలేదు.

మందను అమ్మేశాను. కొన్నది బలసముద్రం ముసలాయన. మా నాయనతో కలిసి మేపినవాడు, మా పిలుపు తెలిసినవాడు. వ్యాను తెచ్చి, పలకలు ఆనించి, నన్ను ముందు నడిచి పిలవమన్నాడు. యజమాని పిలిస్తే వ్యానులోకి వాటంతటవే ఎక్కుతాయి, పద్ధతి అది. నేను పిలవను, ఎత్తి వేసుకోండి అన్నాను. ఆయన నా మొహం చూసి, దుఃఖంతో గొంతు పెగలడం లేదని అనుకున్నాడు. గొంతు బాగానే ఉంది. మేతకని పిలిచి వ్యాను ఎక్కించడం కంటే ఉత్త పిలుపు ఇంకేముంటుంది? కాళ్లు పట్టి ఒక్కొక్కటే ఎత్తారు. పొద్దు గూట్లో పడేదాకా పట్టింది. బొల్లిని ఆయన వద్దన్నాడు. పళ్లు అరిగిన ముసలి గొర్రె, మాంసానికీ పనికిరాదు, మందకూ పనికిరాదు. అది నాకు మిగిలింది.

తమ్ముడు ఆ ఎండాకాలంలో వచ్చాడు. హొసకోటలో వాడి కార్యక్రమం. దారిలో మధ్యాహ్నం మా ఇంటి ముందు కారు ఆపి, నేరుగా దొడ్డి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"గొర్రెలేవక్కా?"

"అమ్మేసినా."

"నాకు ఒక మాట చెప్పలేదే."

"చెప్తే ఏం చేసేవాడివి, ఇంగో పాట కట్టేవాడివా?"

వాడు వచ్చి గడప మీద కూచున్నాడు. నీళ్లిచ్చాను, తాగలేదు. మా నీళ్లు తాగకూడదని వాళ్లు చెప్పి ఉంటారు, కారులో నుంచి సీసా తెప్పించుకున్నాడు. కాసేపటికి వచ్చిన పని చెప్పాడు. కొత్త పాట ఒకటి కట్టాడట. దాంట్లోకి నీళ్లకు పిలిచే పిలుపు కావాలట, గొంతులో ఉండేది. ఈసారి నా పేరు కూడా రాయిస్తానన్నాడు.

అప్పుడు అంతా చెప్పాను. టీ అంగడి, కంచె, కాయలు, ట్యాంకరు. నేను కోపంగా చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు లేచి, నీడలో పడుకున్న బొల్లి దగ్గరికి పోయాడు. ముందు వాడే పిలవబోయాడు. కుక్కర్ కూత. బొల్లి నెమరు వేస్తూ ఉంది. వాడు జేబులో నుంచి ఫోను తీసి పాట పెట్టాడు. నా గొంతు నా ముందరే నా గొర్రెకు వినిపించాడు. కూత విరిగింది, డప్పు మోగింది. బొల్లి నెమరు ఆపలేదు. చెవి కూడా కదపలేదు.

"నీ చేతిలో ఏముండాది?" అన్నాను.

వాడు చెయ్యి చూసుకున్నాడు. ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఇటు తిరగకుండానే అడిగాడు.

"ముద్ద పెట్టించిన రోజు గుర్తుండాదా అక్కా?"

"ఉండాది."

"నాయన ఇప్పుడుండింటే నా నోటికాడిది పెరికి వీటికి పెట్టేవాడు."

"నీది గాదు, నాది," అన్నాను. "పిలిచింది నేను."

వాడు అరచేత్తో నోరు మూసుకున్నాడు. ఈసారి నవ్వు కాదు. పాట పాడటం మానేసేదా అని అడిగాడు. మానితే కూడు ఎట్లా, పాడుకో అన్నాను. వాడు పస్తులుండటం నేను చూశాను, మళ్లీ చూడాలని లేదు. ఆ పాటే వాడికి ఇల్లు కట్టించింది, వాడి పిల్లలకు బడి చూపించింది. నీళ్ల పిలుపు సంగతి మాత్రం వాడు మళ్లీ అడగకముందే చెప్పేశాను, అది ఇవ్వనని. వాడు తల ఊపాడు. పోయేముందు మిద్దె మీద ఎండిన వేరుశెనగ కట్టె ఒక పిడికెడు తెచ్చి బొల్లి ముందు పెట్టాడు. అది తిన్నది. పెడితే తింటుంది, అంతవరకే.

కార్యక్రమానికి నేను పోలేదు. వాడి పిలుపుకు జనమంతా లేచి నిలబడి తిరిగి కూశారని ఊళ్లోవాళ్లు వచ్చి చెప్పారు.

నీళ్ల పిలుపు నా దగ్గరే ఉంది. ఎవరికీ నేర్పలేదు, నేర్చుకునేవాళ్లూ లేరు. నేనూ పిలవడం లేదు. ఒక్క గొర్రెకు పిలుపు ఎందుకు? అది పలకకపోతే ఆ సందులో మళ్లీ నిలబడే ఓపిక నాకు లేదు. బొల్లికి నీళ్లు కావాల్సిన వేళకు బకెట్టు పట్టుకుని నేనే దాని దగ్గరికి పోతాను. వీపు మీద చెయ్యి వేస్తే లేస్తుంది. నిన్న అది తాగుతుండగా రోడ్డు మీద ఆటో పోయింది. దాంట్లో ఆ పాటే. మేమిద్దరమూ అటు తల తిప్పలేదు. అది తాగినంత తాగింది, మిగిలిన నీళ్లు నేను తొట్టిలో పోశాను.